ముత్తాత వింటి యల్లెత్రాడు

వర్షర్తువు తన మేఘపరివారముతోడ పడమటికనుమలు దాటిపోయి పట్టుమని పదునైదు దినములైనను కాలేదు. కడిగి బోర్లించిన కంచుపళ్లెరమువలె నాకసము తళతళలాడుచుండ శరదారంభసముల్లసితములైన రెల్లుపూవులు లోయలన్నిటను విరియబూచి యుండ సెలయేళ్లు బురద విడిచి తేటనీటితో గులకరాళ్లపై దొరలుచుండ నల్లమలనడుమ సమున్నతశిలాప్రాకారపరివేష్టితమైన చాగలదుర్గము ప్రాతఃకాలసూర్యకిరణములు సోకి బంగారువన్నె దాల్చి యుండెను. ఆ కొండచరియలయందు కత్తులను నేల నాటినట్లు నిక్కి నిలిచిన యాకులతో చాగమొక్కలు తామరతంపరగా మొలచుటచేతనే దుర్గమున కా పేరు వచ్చెను. ఆ యాకులను దంచి గీరి తీసిన నారతో పేనిన త్రాడు వింటికి కట్టినచో తెగుట యనునది యెరుగదని యా ప్రాంతమున ప్రతీతి.

ఆ దుర్గమున వింటిత్రాళ్లు పేనువారిని అల్లెలవారందురు. వారిలో పెద్ద బయ్యన. అరువదియైదేండ్లవాడు, ఒడలిపై మాంసము మిక్కిలి తక్కువ, మూతిపై మీసము మిక్కిలి యెక్కువ. సంపెంగనూనె పూసి చెవులదాక మెలివేసిన యా మీసము కనబడిన కొంతసేపటికి గాని యెదుటివారికి బయ్యన కనబడడు. పనియందు నేర్పరి యగుట నిజము. ఆ నేర్పును తానే నాలుగువీథుల చాటుకొనుటయు నిజమే. "మా యింటిత్రాట నువ్వుగింజంత తప్పు చూపుడు, ఊరివారియెదుట మీసము గొరిగించుకొందును" అని నోరు తెరచినప్పుడెల్ల ననుచుండును. "గొరిగించుకొనరాదా, ఆ మూతి యెట్లుండునో చూడవలెనని నలువదియైదేండ్లుగా వేచి యున్నాను" అని భార్య ముప్పమ యొక్కతెయే బదులు చెప్పగలిగినది.

దుర్గమును కట్టించిన మూలపురుషుని విల్లొకటి యాయుధశాలలో నుండెను. కొమ్మును వెదురును నరమును పొరలుపొరలుగా నంటించి చేసిన నిలువెత్తు విల్లది. దానిని జనులు విల్లనరు, ముత్తాత యందురు. "ముత్తాతకు పసుపు పూసిరా? వానకు ముత్తాత చెమ్మగిలలేదు గదా?" అని యింటిపెద్దను అడిగినట్లే యడుగుదురు. ఏటేట మహానవమినాడు ముత్తాతకు క్రొత్తయల్లెత్రాడు కట్టుదురు. మరునాడు విజయదశమి సాయంకాలమున దుర్గాధిపతి తూర్పుకొత్తళముపై నిలిచి యగడ్తకు ఆవలిగట్టున స్తంభమునకు వ్రేలగట్టిన గుమ్మడికాయను ఆ వింటితో నేయవలెను. కాయ పగిలినచో నూరికి పండుగ. బాణ మగడ్తలో బడినచో నూరివారు మూతి ముడుచుకొని యిండ్లకు బోవుదురు.

మూడేండ్లుగా బాణ మగడ్తలోనే పడుచుండెను. తండ్రి స్వర్గస్థుడు కాగా పదునెనిమిదవయేట గద్దె నెక్కిన కొమ్మనాయకునికి గురిచూపునకు లోటు లేదు, ధైర్యమునకు లోటు లేదు. బాణమునకు మాత్రము బలము చాలకుండెను. తండ్రిగారి కడపటియేండ్లలోను బాణము కాయ యడుగును గీరికొని పోవుచుండెను గాని దానిని వార్ధక్యముక్రింద జమకట్టి యెవ్వరును పట్టించుకొనలేదు. మొదటియేడు గురి తప్పినప్పుడు కొమ్మనాయకుడు మెల్లగా "త్రాడు వదులుగా నున్నట్లున్నది" అనగా బయ్యన సభనడుమ లేచి మీసము దువ్వి నువ్వుగింజశపథము చేసెను. వెనుకనుండి యెవడో "ఆడలేక మద్దెల యోడనినట్లున్నది" అనెను. సభ నవ్వెను. నాటినుండి యా చిన్నవాడు త్రాటిమాట యెత్తలేదు.

ఈ యల్లెలవారి కొలతపద్ధతి యొకటి చెప్పవలసి యున్నది. పసుపు పూసి పూజించిన వింటిని దుర్గాధిపతి తప్ప నన్యులు ముట్టరాదని యెప్పుడో యొక కట్టడి యేర్పడెను. కావున త్రాడు పేనువానికి విల్లు దొరకదు. ఏటికేడు నాయకుడు పాతత్రాటిని విప్పి పంపగా దానిని రెండుమేకులనడుమ బిగియగట్టి ప్రక్కనే క్రొత్తత్రాటిని కట్టి వెండ్రుకవాసి భేదము లేకుండ సరిచూచి పంపుదురు. తండ్రి చేసినదే బయ్యనయు చేయుచుండెను. పాతత్రాడే ప్రమాణము.

ఆ యేటి నవరాత్రములలో సప్తమినాటి యుదయమున బయ్యన వాకిట గూరుచుండి తొడపై నార పేనుచుండగా కొమ్మనాయకుడు పరివారము లేకుండ నొంటరిగా వచ్చి పాతత్రాటిని తానే యందిచ్చెను. ఆ పిల్లవానిపై బయ్యనకు ప్రాణము. వాడు నడక నేర్చినది తన భుజములపైనుండి దిగి తన మీసము పట్టుకొనియే. వాడు మొదట పట్టిన వెదురువిల్లు తాను చేసి యిచ్చినదే.

"తాతా! ఈయేడును త్రాడు నీవే పేనుచున్నావు గదా?"

"నేను గాక మరి యెవడు పేనును నాయనా?"

"మంచిది. నీ చేతిత్రాటితోనే కడపటిమారు ఏసెదను. ఈ పర్యాయమును కాయ పగులకున్నచో గద్దెను పినతండ్రిగారికి విడిచి తప్పుకొనుటకు నిశ్చయించుకొంటిని. ముత్తాతను వంచలేనివాని మాటకు ఊరేల తల వంచవలెను?"

బయ్యన చేతిలోని నార జారిపడెను. తల పైకెత్తి చూచినప్పుడు పిల్లవాని యెడమముంజేతిపై మణికట్టునుండి మోచేతిదాక నల్లగా కమిలిన చారలు కనబడెను.

"ఇదేమి నాయనా?"

"దినమును వేకువనే లేచి ముత్తాతతో నభ్యసించుచున్నాను. బాణము విడిచినప్పుడెల్ల త్రాడు వచ్చి చేతిని కొట్టును. ముత్తాతకు మునిమనుమనిపై నలుక కాబోలు" అని నాయకుడు నవ్వి నడవలోనున్న ముప్పమతో "అవ్వా! మీ పిల్లి మూతి తుడుచుకొనుచు వెలికి వచ్చుచున్నది, పెరుగు చూచుకొనుము" అని చెప్పి వెడలిపోయెను.

ముప్పమ లోనికి పరుగెత్తెను. ఉట్టిపై కుండలో పెరుగు సగమునకు దిగియుండెను. "నీ నోరు పడిపోను! ఎగిరినచో నందునంతగా జారినదా యుట్టి? ఉగాదికి ముడి వేయ మరచుటచేత గదా యీ చేటు!" అని పిల్లిని తిట్టి తన్నును తిట్టుకొనుచుండగా బయ్యనకు కోపము వచ్చెను. మనసులోని నొప్పికి కోపమే తగిన మందని తలచువారిలో నాతడొకడు.

"ఏమే! నా చాగనారతో పేనిన యుట్టి జారినదందువా? నా నార సాగునా?"

"సాగక? ఏటేట రెండువ్రేళ్లు పైకి ముడి వేయుచునే యున్నాను గదా. బరువు మోయు త్రాడు సాగుట లోకమున లేని వింతయా?"

"ఉట్టి వేరు, అల్లెత్రాడు వేరు."

"అల్లెత్రాడు మాత్రము త్రాడు గాదా యేమయ్యా? ఏడాది పొడుగున ముత్తాతయంతవానిని వంచి పట్టుకొనుట బరువు గాదా? సాగిన పాతత్రాటిని చూచి నీవు క్రొత్తది పేనుదువు, అదియు సాగును, దానిని చూచి మరియొకటి. నేనును అట్లే జారిన యుట్టిని చూచి క్రొత్తయుట్టి పేనుచు వచ్చినచో నీపాటికి పెరుగుకుండ నేలపై నుండును. పిల్లికి ఎగురు శ్రమయైనను తప్పును."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లను స్వభావము బయ్యనది. "ఆడుదానికి వింటిసంగతి యేమి తెలియును" అని గొణిగి వాకిటికి వచ్చెను. వచ్చెనే గాని గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడవికొన్నట్లు చేయి తనంతట తానే మీసముమీదికి పోయెను. పేనుటకు కూరుచుండెను, పేనలేకపోయెను. కమిలిన యా ముంజేయి కన్నులయెదుటనే యుండెను.

అల్లెలవారియింట మరియొక యాచారము కలదు. నాయకుడు విప్పి పంపిన పాతత్రాటిని కొలత ముగిసినపిదప పారవేయరు. వెదురుగొట్టమున జుట్టి పెట్టి యటుకపై దాచుదురు. బయ్యన నిచ్చెన వేసికొని యటుక యెక్కి గొట్టములన్నిటిని దింపెను. తండ్రి చేసినవి పదునాలుగు, తాను చేసినవి ఇరువదిరెండు. దూలమునకు వరుసగా మేకులు కొట్టి యేటివరుసను తప్పకుండ ఒక్కొక్కదానినే వ్రేలగట్టెను. మొదటిదానికన్న రెండవది నువ్వుగింజంత పొడుగు. రెండవదానికన్న మూడవది నువ్వుగింజంత పొడుగు. ఆ యుదయము వచ్చిన కడపటిత్రాటికడ నిలిచి మొదటిత్రాటికొనవంక చూడగా మూడువ్రేళ్లు దాటిన యెడమున్నది.

 తిలాపాపము తలా పిడికెడనినట్లు తండ్రియు తానును పంచుకొని చేసిన యా తప్పంతయు వచ్చి యొక పసివాని ముంజేతిపై బడెను. పెద్దనాయకుని బాహుబలము దానిని కొన్నాళ్లు కప్పిపుచ్చెను. పిల్లవానికడ నది బయటపడెను. బయటపడినప్పుడు తాను మీసము దువ్వి వాని నోరు మూయించెను. "నువ్వుగింజంత తప్పు లేదంటిని ముప్పమా! నిజమే, ఒక్కగింజ కాదు, ముప్పదియారు గింజలు" అని యా ముసలివాడు దూలముక్రింద చతికిలబడి చిన్నపిల్లవానివలె నేడ్చెను. ముప్పమ యెత్తిపొడువలేదు. చెంబు తెచ్చి ముందు బెట్టి "చల్ల యిత్తునన్న పెరుగును పిల్లి యెంగిలి చేసినది; నీళ్లైన త్రాగి లెమ్ము. దశమికింకను మూడుదినములున్నవి" అనెను.

నీళ్లు త్రాగినపిదప బయ్యనకు చిన్ననాటి దృశ్యమొకటి జ్ఞప్తికి వచ్చెను. కట్టడి పుట్టకమునుపు తన తాత నాటి నాయకునిచేత ఎక్కుపెట్టిన వింటి నడిమిపట్టుపై పిడికిలి నిలుపించి బొటనవ్రేలిని నిక్కింపుమనెడివాడు. వ్రేలికొన త్రాటిని తాకినచో కొలత కుదిరినట్లు. ఆ పిడికిలి పేనువానిది కాదు, ఏయువానిది కావలెను. విల్లు మాటాడవలసినది వానితోనే కదా. ఆ కొలత యేనాడు పోయెనో పాతత్రాటి కొలత యేనాడు వచ్చెనో యెవ్వరికిని తెలియదు.

వెంటనే పాతత్రాటిని చేతబట్టుకొని యాయుధశాలకు బోయి బయ్యన దానిని వింటికి కట్టి చూపుమని నాయకుని వేడుకొనెను. కొమ్మనాయకు డా త్రాటినే మరల కట్టి ముత్తాతను ఎక్కుపెట్టి నడిమిపట్టుపై పిడికిలి నుంచెను. బొటనవ్రేలు నిక్కుటకు చోటెక్కడిది? మడిచిన వ్రేళ్లకణుపులకే త్రాడు తగులుచుండెను. వింటి వంకర యంతయు వదలి ముత్తాత నిద్రలో జోగుచున్నట్లుండెను.  పిదప బయ్యన యుట్టిమొదలు మేకులదాక జరిగినదంతయు దాచక చెప్పి "తప్పు నాది నాయనా" అని చేతులు జోడించెను.

"అట్లయిన నా చేతులు మంచివేనా తాతా?" అని కొమ్మనాయకు డడిగెను. అడిగి యెవ్వరో గుండెపైనుండి బండ దింపినట్లు పకపక నవ్వెను. మూడేండ్లుగా బయ్యన యా నవ్వు వినలేదు.

నవ్వు నిలిచినపిదప "ఈ మాట మనయిద్దరి నడుమనే యుండనిమ్ము. గురి కుదిరిన నాకు చాలును. ఆ మీసము పట్టుకొని నడక నేర్చినవాడను, దాని కాపద రానీయను. నాయాన, ఎవరికిని చెప్పవలదు" అని నాయకుడు పలికెను. బయ్యన మాట యియ్యకయే త్రాడు పేనుటకు మరలిపోయెను.

ఆ సాయంకాలమునకే మొదటిత్రాడు సిద్ధమయ్యెను. ఒకవైపు తప్పినవాడు రెండవవైపునకు మొగ్గుట మానవసహజము కదా. వదులను భయముచేత బయ్యన యీ మారు మరీ పొట్టిగా పేనెను. అష్టమియుదయమున నాయకుడు దానిని కట్టి వంచగానే ముత్తాత కిర్రున మూలిగెను. బొటనవ్రేలు నిక్కినను త్రాడందక రెండంగుళము లావల నిలిచెను. "విప్పుము! విప్పుము నాయనా! వదులైన త్రాడు చేతిని కొట్టును గాని బిగువైన త్రాడు వింటినే విరుచును" అని బయ్యన కేకలు వేసెను. ఇంటికి వచ్చి భార్యయెదుట నిలిచి నలువదియైదేండ్ల కాపురమున మొదటిసారి "ఏమి చేయుదుమే?" అని యడిగెను.

"సాగునది సాగకమానదు గదా, వింటికి కట్టినపిదప సాగనేల? ఇంటనే సాగనిమ్ము" అని ముప్పమ క్రొత్తగా పేనిన రెండవత్రాటిని దూలమునకు కట్టించి దాని కొనకు తన యుట్టిని తగిలించి అందులో నిండుబిందె నెక్కించెను. నవమి తెల్లవారువరకు బిందె వ్రేలెను. పిల్లి క్రింద గూరుచుండి యందులో నున్నవి నీళ్లని తెలియక పైకి చూచుచునే యుండెను. తెల్లవారినపిదప త్రాడు సాగవలసినంత సాగి యిక సాగనని నిలిచినప్పుడు బయ్యన దానిని కొనిపోయి వింటియెదుటనే నాయకుని పిడికిలి జూచి యుచ్చుముడి వేసెను. నిక్కిన బొటనవ్రేలిగోరు త్రాటిని తాకీతాకనట్లు తాకెను. నాయకుడు వ్రేలితో మీటగా ముత్తాత ఝుమ్మని నిండుగొంతుతో పలికెను. ఆ నాద మాగువరకు ఇరువురును ఊపిరి బిగబట్టి వినిరి.

విజయదశమి సాయంకాలము వచ్చెను. సంధ్యారాగరంజితమైన తూర్పుకొత్తళమున కొమ్మనాయకుడు ముత్తాతను చేత ధరించి నిలువగా నాబాలవృద్ధము గోడలపై గుమిగూడెను. ఆవలిగట్టున గుమ్మడికాయ మెల్లగా నూగుచుండెను. "అగడ్తలో చేపలకు నేడును బాణమే విందు" అని యొక కొంటెవాడు గొణిగెను. నాయకుడు త్రాటిని చెవిదాక లాగెను, విడిచెను. త్రాడు చేతిని ముట్టలేదు. బాణము పోయిన జాడ కన్నులకు దొరకలేదు గాని గుమ్మడికాయ మాత్రము ఫెళ్లున పగిలి గింజలు గట్టంతటను జల్లుమనెను.

ఊరంతయు నొక్కగొంతుతో నరచెను. పినతండ్రి పరుగున వచ్చి యన్నకొడుకును కౌగిలించుకొని యానందబాష్పములతో "ఇన్నాళ్లకు మా పిల్లవాని బాహువులకు బలము వచ్చెను!" అనెను. ఇంతటి త్రాడు పేనినవానికి పట్టుశాలువ కప్పుడని యాజ్ఞాపించెను. శాలువ వచ్చెను. జనులు జయజయలు పలికిరి. నాయకుడు బయ్యనవంక జూచి యూరకుండుమని కనుసైగ చేసెను.

బయ్యనకు మ్రింగ రాదు, కక్క రాదు. ఊరకున్నచో మీసమును దక్కును శాలువయు దక్కును. కాని బలము నేడు వచ్చినదన్నమాటలో నిన్నటిదాక లేదన్నమాట యున్నది కదా. ఆ నింద పిల్లవానిపై బ్రతికినన్నాళ్లు నుండిపోవును. ముసలివాడు శాలువను మడిచి క్రింద బెట్టి గొంతు సవరించుకొనెను.

"అయ్యలారా! నాయకుని బాహుబలము నేడు వచ్చినది కాదు, తొలినాటినుండియు నున్నదే. లోపము త్రాటిది. మూడువ్రేళ్ల పొడుగుత్రాటితో మూడేండ్లు అగడ్త నడుమదాక బాణము విసరినవాని చేతులెట్టివో మీరే తలపోయుడు. నిజము చెప్పినవానిని నిండుసభలో నేను బొంకరిని చేసితిని. చెప్పవలదని నాయకుడు తన యాన పెట్టెను. చెప్పితిని, దానికేమి శిక్ష విధించినను సరే. మీసముమాట మాత్రము నాది. క్షురకుని పిలువుడు."

 "వలదు తాతా!" అని కొమ్మనాయకుడు ముందునకు వచ్చెను. "వలదనకుము నాయనా. నీ మూడేండ్లు నేను తెచ్చి యియ్యలేను. ఇది యైన నిచ్చుకోనిమ్ము" అని బయ్యన రాతిగుండుపై గూరుచుండి మోమెత్తెను. క్షురకుడు కత్తి నూరి దగ్గరకు వచ్చెను. ఒకవైపు మీసము రాలెను, రెండవవైపును రాలెను.

కొమ్మనాయకుడు వంగి యా వెండ్రుకలను దోసిట నెత్తుకొనెను. బాణపుతోక త్రాటిపై నిలుచుచోట నూలు చుట్టుట యాచారము. ఆ నూలితోపాటు ఆ వెండ్రుకలను చుట్టించి "ఇకమీద నేను త్రాటిని లాగినప్పుడెల్ల నా వ్రేళ్లకు తాత మీసమే తగులవలెను" అని ముత్తాతను పైకెత్తి చూపెను.  పిదప నిందాక గొణిగిన కొంటెవాడే "ముత్తాతకు మీసము మొలిచెనురోయ్!" అని యరచెను. కొత్తళమంతయు నవ్వులతో నూగిపోయెను. అందరికన్న గట్టిగా నవ్వినవాడు బయ్యనయే.

నాటినుండి చాగలదుర్గమున పాతత్రాటికి ప్రమాణపదవి పోయెను. పూర్వులు చేసిన పనిని గౌరవింపవలసినదే గాని వారి తప్పును గూడ నెత్తిన బెట్టుకొని ప్రదక్షిణము చేయుట గౌరవము కాదు. త్రాటికొలత మరియొక త్రాటినడుగక వింటినడుగుటయు, వింటి నడుగునప్పుడు ఏయువాని పిడికిలి నడుగుటయు వివేకము. ఏటేట నవమినాడు నాయకుడు బొటనవ్రేలు నిక్కించి నిలిచినపిదపనే యుచ్చుముడి పడుచున్నది.

ఆ సాయంకాలము బయ్యన యుత్తరీయముతో నోరు కప్పుకొని యిల్లు చేరెను. ముప్పమ యా కొంగును పట్టి లాగి దీపము దగ్గరగా దెచ్చి యెగాదిగ జూచెను.

"నవ్వుము" అనెను.

"ఏమని నవ్వుదునే?"

ఆ మాట యనుటలోనే యాతనికి నవ్వు వచ్చెను. "నవ్వినప్పుడు నీ పెదవి యెడమప్రక్కకు వంగునని నలువదియైదేండ్లుగా నాకు తెలియనే తెలియదు. ఇంత ముద్దుమూతిని పొదచాటున దాచితివా!" అని ముప్పమ తానును నవ్వుచు మగనికి పెరుగన్నము వడ్డించెను. బయ్యన మెలివేయుటకు మూతికడకు చేయి గొనిపోయి యచ్చట నేమియు లేకుండుట జూచి మరల నవ్వెను. ఉట్టిక్రింద పిల్లి రెండుమార్లెగిరి చూచెను. క్రొత్తగా ముడి వేసిన యుట్టి దానికందక సరిగా పిడికిలిమీద బొటనవ్రేలంత యెత్తున నుండెను.